చేసిన పనికి డబ్బు అడగాలంటే నోరు పెగలడం లేదు

విజయవాడ సూర్యారావుపేట నుంచి ఒక సోదరి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, షాపు పేరు బయటపెట్టొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమె వయసు ముప్ఫై నాలుగు. ఆరేళ్లుగా డిజైనింగ్, ప్రింటింగ్ పనులు చేయిస్తున్నారు. డిజైన్ తన దగ్గరే తయారవుతుంది. ప్రింటింగ్, లామినేషన్, బైండింగ్ బయటి ప్రెస్సుల్లో చేయిస్తారు. షాపులో ఇద్దరు కుర్రాళ్లు. పనికి కొదవ లేదు. వేసవిలో అడ్మిషన్ల బ్రోషర్లు, ఆషాఢానికి, దసరాకి వన్‌టౌన్ బట్టల షాపుల ఫ్లెక్సీలు, కరపత్రాలు, మాఘమాసంలో శుభలేఖలు. అయినా పేపరు షాపుకీ ప్రెస్సుకీ 3,10,000 రూపాయలు బాకీ పడ్డారు. అందులో కొంత కట్టడానికి చేతి గాజులు బ్యాంకులో పెట్టారు. మరోపక్క ఆమెకు రావలసింది 6,38,000. ఒక కోచింగ్ సెంటర్ 2,86,000, ఒక ఆసుపత్రి 94,400, భర్తకు బాబాయి, ఈమెకు చినమావయ్యగారు అయిన ఆయన నడిపే ఫంక్షన్ హాలు 72,000, మిగతా 1,85,600 చిన్న షాపులు, విడి పనులు.

బిల్లులు తీరిక దొరికినప్పుడు రాస్తారు. కొన్నిటికి అసలు బిల్లే లేదు, "అన్నా, 18,500 అయింది" అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటే. ఒకే నంబరు రెండు బిల్లుల మీద పడింది. కోచింగ్ సెంటర్ డైరెక్టరు బ్రోషర్‌ను పదకొండు సార్లు మార్పించారు. ఏడాది కావస్తుండగా అకౌంట్స్ సెక్షన్‌కి వెళితే "మేడమ్, రేటు ఎవరితో మాట్లాడారు? మీ బిల్లులు కొన్ని జీఎస్టీలో కనపడటం లేదు" అన్నారట. ఆసుపత్రి వాళ్లు జీఎస్టీ ముందు చెప్పలేదు కాబట్టి 80,000 మాత్రమే ఇస్తామంటున్నారు. చినమావయ్యగారు "మనలో మనకి బిల్లేంటమ్మా" అని నవ్వేశారు. ఇప్పుడు అదే కోచింగ్ సెంటర్ కొత్త సీజన్‌కి 1,80,000 రూపాయల పని ఇస్తానంటోంది. భర్త షాపు మూసేసి ఉద్యోగం చూసుకోమంటున్నారు. క్లయింట్లను పోగొట్టుకోకుండా బిల్లులకు ఒక పద్ధతి పెట్టుకోవడం ఎలా, ఆ కొత్త ఆర్డరు తీసుకోవాలా వద్దా, అసలు షాపు నడపాలా మూయాలా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "రేటు ఎంత అనుకున్నామో నాకే సరిగ్గా గుర్తు లేదు, అందుకే గట్టిగా అడగలేక తిరిగొచ్చేశాను" అని రాశారు. మీరు దీన్ని మొహమాటం అంటున్నారు, మీవారు మెతకతనం అంటున్నారు. రేటు, గడువు, ఎవరు ఒప్పుకున్నారో ఒక కాగితం మీద ఉండి ఉంటే ఆ రోజు మీరు కుర్చీలోంచి లేచేవారు కారు. డబ్బు సంగతి పని మొదలయ్యే రోజున మాట్లాడితే అది పనిలో భాగం. పని అయిపోయి పది నెలలయ్యాక మాట్లాడితే అదే యాచనలా అనిపిస్తుంది. మీకు వచ్చిన కష్టం ఎక్కువ భాగం ఈ తేడాలోనే ఉంది.

నేను గుంటూరు అరండల్‌పేటలో ఒక చిన్న ప్రెస్సులో పద్నాలుగేళ్లు పద్దులు రాశాను. మిర్చి బస్తాలకు కట్టే లేబుళ్లు, కోల్డ్ స్టోరేజీల రసీదు పుస్తకాలు, పెళ్లి కార్డులు మా పని. మా ఓనరుగారి చిన్ననాటి స్నేహితుడొకాయన లేబుళ్లు అరువు మీద పట్టుకెళ్లేవారు. సీజన్ అయ్యాక అన్నారు, ఈసారి మిర్చికి రేటు రాలేదన్నారు, అమ్మాయి పెళ్లన్నారు. ఓనరుగారు నోరు తెరవలేదు. చివరికి లాయరు దగ్గరికి వెళితే ఆయన ముందుగా తేదీలు అడిగారు. ఆఖరి సరుకు పంపి మూడేళ్లు దాటింది. మధ్యలో ఒక్క రూపాయి జమ లేదు, బాకీ ఉన్నట్టు ఒక్క సంతకం లేదు. దావా వేసే గడువు పోయిందని చెప్పారు. దారిపొడవునా ఓనరుగారు ఒక్క మాట మాట్లాడలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ రోజే గుర్తొచ్చింది.

కాబట్టి కొత్త పద్ధతి కంటే ముందు పాత తేదీలు చూద్దాం. ఇలాంటి బాకీలకు దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు లోపల అవతలివాళ్లు బాకీ నిజమేనని రాసి సంతకం పెట్టినా, కొంత చెల్లించినట్టు వాళ్ల రాత ఉన్నా అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. మీ బాకీల్లో పాతవి రెండేళ్ల కిందటివని రాశారు. అవి ముందు చూడాలి. ఈ ఆదివారం షాపు కట్టేసి, మీ నోటుపుస్తకం, ఫోను, ప్రెస్సు వాళ్లు మీకిచ్చిన బిల్లులు ముందేసుకుని కూర్చోండి. ఒక్కొక్క క్లయింటుకి ఒక్కొక్క పేజీ. ఏ రోజు ఏ పని, ఎన్ని కాపీలు, ఎవరు చెప్పారు, ఏ రోజు అందింది, ఎంత వచ్చింది, ఎంత రావాలి. గుర్తు రాని రేటుకు ప్రెస్సు బిల్లే సాక్ష్యం, మీకెంత పడిందో అందులో ఉంటుంది. వాట్సాప్‌లో "ఓకే మేడమ్, ప్రింట్‌కి ఇచ్చేయండి" అన్న ప్రతి మెసేజీని తేదీతో సహా దాచుకోండి. రెండు ఆదివారాలు పట్టొచ్చు. పట్టనివ్వండి.

రాస్తున్నప్పుడు ఒకటి గమనించండి. కోచింగ్ సెంటర్ "ప్రతిసారీ కొంచెం తగ్గించే ఇస్తుంది" అన్నారు. అది టీడీఎస్, అంటే చెల్లించేవాళ్లే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఇన్‌కం ట్యాక్స్, అయి ఉండొచ్చు. మీలా సొంతంగా షాపు నడిపే ప్రొప్రయిటరుకి కాంట్రాక్టు పనుల కింద చెల్లించేటప్పుడు ఒక శాతం పట్టుకుంటారు. లక్ష బిల్లుకి వెయ్యి. అది మీ పాన్ కింద ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్లో కనపడుతుంది, రిటర్నులో మీ పన్నుకి జమ అవుతుంది. దాన్ని బాకీగా రాసుకుని అడగడానికి వెళితే మీ మిగతా లెక్క మీద కూడా వాళ్లకు నమ్మకం పోతుంది.

ఇక కోచింగ్ సెంటర్. 2,86,000లో 1,90,000కి బిల్లులున్నాయి, 96,000కి లేవు. మీరు ఇన్నాళ్లూ డైరెక్టరుగారి చుట్టూ తిరిగారు. ఆయన పని చెప్పే మనిషి, చెక్కు రాసే మనిషి కాదు. అకౌంటెంటుని మీరు అడ్డంగా ఉన్నవాడిలా చూస్తున్నారు. నా అనుభవంలో చిన్న వ్యాపారికి అకౌంటెంటు కంటే పనికొచ్చే మనిషి పెద్ద సంస్థలో ఇంకొకరు ఉండరు. ఆయనకు కావలసింది ఫైలు సరిగ్గా ఉండటం ఒక్కటే. వెళ్లి నాలుగు సంగతులు అడగండి. బిల్లు మీద ఎవరి సంతకం కావాలి, ఆర్డరు నంబరు ఉండాలా, నెలలో ఏ తేదీలోపు ఇస్తే ఆ నెల చెల్లింపుల్లో పడుతుంది, కాగితమా మెయిలా. ఆరేళ్లలో ఇవి ఒక్కసారి కూడా అడగలేదని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. చాలా బిల్లులు డబ్బులేక ఆగవు. ఏ డ్రాయర్లో ఉందో ఎవరికీ తెలియక ఆగుతాయి.

ఆయన జీఎస్టీ గురించి అన్న మాట సాకు కాదమ్మా, అందులో నిజముంది. కోచింగ్‌కి జీఎస్టీ ఉంది కాబట్టి మీకు కట్టే జీఎస్టీని వాళ్లు తమ పన్నులో తగ్గించుకోవచ్చు. మీరు మీ రిటర్నులో ఆ బిల్లు చూపిస్తేనే అది కుదురుతుంది. మీరు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉన్నానన్నారు. ఆ పద్ధతిలో ఏప్రిల్‌లో ఇచ్చిన బిల్లు మామూలుగా జూలై 13 దాకా వాళ్లకు కనపడదు. కానీ ఐఎఫ్‌ఎఫ్ అని ఒక సదుపాయం ఉంది. దాని ద్వారా మే 13లోపే ఆ ఒక్క బిల్లు ఎక్కించవచ్చు. మీ ఆడిటరుకి "కోచింగ్ సెంటర్ బిల్లులు నెలనెలా ఎక్కించండి" అని చెబితే చాలు. ఎక్కించకుండా వదిలేసినవి పోయిన ఆర్థిక సంవత్సరానివైతే ఈ నవంబరు 30 వరకూ చేర్చే వీలుంది. ఆ తేదీ దాటితే వాళ్లు పన్నులో తగ్గించుకునే ఆ మొత్తం, అంటే క్రెడిట్, పోతుంది, ఆ కోపంలో మీ డబ్బు కూడా ఆగుతుంది. బిల్లే రాయని 96,000 విషయంలో పాత తేదీ వేసి రాయొద్దు. ఆలస్యానికి కొంత వడ్డీ పడొచ్చు, అది ఎంతో ఆడిటరుని అడిగి, లెక్క చూసుకుని బిల్లు ఇవ్వండి. రెండుసార్లు పడిన నంబరు కూడా అప్పుడే సరిచేయించండి.

మీ చేతిలో ఇంకో బలం ఉంది, దాన్ని మీరు ఉత్తరంలో ఒక మూల ప్రస్తావించి వదిలేశారు. మూడేళ్ల కిందట ముద్ర లోన్ కోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, తీసుకున్నారు. ఆ నంబరు మీ బిల్లు మీద ఎక్కడా లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీలాంటి సూక్ష్మ సంస్థ దగ్గర వస్తువో సేవో తీసుకున్నవాళ్లు రాతలో అనుకున్న గడువులోగా చెల్లించాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. రాతలో ఏమీ లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కం ట్యాక్స్‌లో ఒక మార్పు వచ్చింది. ఇలా గడువు దాటించిన బిల్లును కొన్నవాళ్లు డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోలేరు. 1961 నాటి ఇన్‌కం ట్యాక్స్ చట్టంలోని సెక్షన్ నంబరును బట్టి ఆడిటర్లు దీన్ని 43బి(హెచ్) అని పిలుస్తుంటారు. అలాగే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే వాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి, మీకు చెల్లించాక తిరిగి తీసుకోవచ్చు. ఇవన్నీ అకౌంటెంటుకి మీకన్నా బాగా తెలుసు. మీకు తెలుసని ఆయనకు తెలియాలి, అంతే. బిల్లు మీద జీఎస్టీ నంబరు కింద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి.

పాత బాకీకి మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, క్లయింటు పేజీని స్టేట్‌మెంట్‌గా టైపు చేసి, బిల్లుల కాపీలతో ఇచ్చి, "బాకీ సరిపోయింది" అని సంతకం, స్టాంపు తీసుకుని మూడు వాయిదాలు అడగడం. డబ్బు నెమ్మదిగా వస్తుంది, సంబంధం నిలబడుతుంది, లిమిటేషన్ భయం కూడా పోతుంది. రెండు, లాయరు నోటీసు. కదలిక వస్తుంది కానీ ఆ తర్వాత మళ్లీ పని రావడం కష్టం, ఇంకా బిల్లులే సరిగ్గా లేని మీరు ఈ దశలో నోటీసిస్తే వాళ్లు ఆ లోపాలనే పట్టుకుంటారు. మూడు, చిన్న సంస్థల బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు. అది ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది, ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. చట్టంలో 90 రోజులని ఉన్నా అంత త్వరగా తేలుతుందని నమ్ముకుని మీ ఖర్చులు పెట్టుకోవద్దు. నేనైతే మొదటిది చేసి, ఒక వాయిదా తప్పితే మూడోదానికి వెళతాను. కానీ ఆ సంస్థ మీద మీ వ్యాపారం ఎంత ఆధారపడిందో మీకే తెలుసు, ఆ తూకం మీరే వేసుకోవాలి.

మరి కొత్త ఆర్డరు? 1,80,000 పనిలో పేపరు, ప్లేట్లు, ప్రెస్సు, లామినేషన్ కలిపి బయటికి కట్టేది 1,20,000 దాకా అవుతుందని రాశారు. ఎప్పటిలాగే అరువు మీద చేస్తే వాళ్ల బాకీ 4,66,000కి చేరుతుంది, ఆ పేపరు షాపు మీకు మళ్లీ సరుకు ఇవ్వడమే అనుమానం. ఒద్దంటే పాత బాకీ ఇంకా వెనక్కి పోతుందని మీ భయం, అది ఉత్త భయమేమీ కాదు. ఈ రెంటి మధ్య ఇంకోటి ఉంది. అందరూ అలవాటుగా సగం అడ్వాన్స్ అడుగుతారు. సగం ఎందుకో ఎవరికీ తెలియదు. మీ పనిలో అడ్వాన్స్ అంటే బయటికి కట్టే ఖర్చు మొత్తం. 1,20,000 అడ్వాన్స్ వస్తే, మిగతా 60,000 ఆలస్యమైనా ఆగేది మీ కష్టం ఒక్కటే, గాజులు మళ్లీ బ్యాంకుకి వెళ్లవు. డైరెక్టరుగారితో ఇలా అనొచ్చు: "సార్, మీ పని అందరికంటే ముందు చేస్తాను. ఈసారి నుంచి పేపరు, ప్రెస్సు ఖర్చు ముందు తీసుకుని మొదలుపెడుతున్నాను, అందరికీ ఇదే పద్ధతి. పాత లెక్క అకౌంట్స్‌కి ఇచ్చాను, మొదటి వాయిదా ఈ అడ్వాన్స్‌తో పాటు ఇప్పించండి." ఒప్పుకుంటే మంచిదే. అడ్వాన్స్ ఇస్తాం, పాతది తర్వాత అంటే కూడా తీసుకోవచ్చు, నష్టం పెరగదు. అడ్వాన్స్ కూడా ఇవ్వమంటే ఆ పని వదిలేయండి. ఆ నెల షాపు కొంచెం ఖాళీగా ఉంటుంది, దానికి సిద్ధపడాలి.

అందుకున్న అడ్వాన్సుకి రసీదు ఇవ్వండి. సేవ కింద వచ్చే పనికి అడ్వాన్స్ తీసుకున్నప్పుడే జీఎస్టీ లెక్కలోకి వస్తుంది, వస్తువు అమ్మకానికైతే బిల్లు నాడు. ప్రింటింగ్‌లో ఏది వస్తువు, ఏది సేవ అన్నది పనిని బట్టి మారుతుంది కాబట్టి మీరు మామూలుగా చేసే పది రకాల పనుల జాబితా రాసి, ఒక్కొక్కదానికి జీఎస్టీ కోడు, పన్ను రేటు ఆడిటరు చేత రాయించుకుని గోడకి అంటించండి.

ఇకనుంచి పని ఎలా సాగాలో చెబుతాను. ఫోన్లో ఆర్డరు వచ్చినా, ఎంత తెలిసినవాళ్లైనా, పది నిమిషాల్లో ఒక మెసేజ్ వెళ్లాలి: "అండీ, 8 పేజీల బ్రోషర్, 5,000 కాపీలు, 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్, మొత్తం ఇంత, జీఎస్టీ అదనం. డిజైన్‌లో రెండుసార్లు మార్పులు ఇందులోనే, మూడోసారి నుంచి పేజీకి ఇంత. అడ్వాన్స్ అందాక పని మొదలు. ప్రూఫ్ చూసి మీరు ఓకే అన్నాక ప్రెస్సుకి. డెలివరీ రోజే బిల్లు, 30 రోజుల్లో చెల్లింపు. సరే అయితే దీనికి ఓకే అని రిప్లై ఇవ్వండి." ఆ ఓకే రాకుండా ఫైలు తెరవొద్దని డీటీపీ అబ్బాయికి కూడా చెప్పండి. అందులో మార్పుల మాట చిన్నదిగా కనపడుతుంది గానీ, పదకొండు సార్లు మార్పించిన డైరెక్టరుగారు మూడోసారికి ధర ఉందని తెలిస్తే తన మనుషులందరి మాటా ఒకేసారి విని చెబుతారు. మీకు రాత్రులు మిగులుతాయి. ప్రూఫ్ ఓకే కూడా అంతే ముఖ్యం. అరండల్‌పేటలో ఒకసారి వెయ్యి కార్డుల్లో ముహూర్తం తప్పు పడింది. తప్పు వాళ్లు రాసిచ్చిన కాగితంలోనే ఉంది. ప్రూఫ్ మీద సంతకం లేదు కాబట్టి మళ్లీ వేసి ఇచ్చాం, ఆ ఖర్చు మాదే అయింది.

సరుకు వెళ్లేటప్పుడు చలానా మీద అందుకున్నవాళ్ల పేరు, సంతకం, తేదీ. బిల్లు ఆ రోజే. వస్తువుకైతే సరుకు కదిలే వేళకే బిల్లు ఉండాలని జీఎస్టీ చట్టం, సేవకైతే 30 రోజుల వెసులుబాటు ఉంది, మీరు మాత్రం ఆ తేడా పెట్టుకోకండి. బిల్లు నంబరు ఆర్థిక సంవత్సరం మొత్తం ఒకే వరుసలో నడవాలి, 26-27/001 లాగా. అక్షరాలు, అంకెలు కలిపి పదహారుకు మించకూడదు. ఏప్రిల్ ఒకటిన కొత్త వరుస. బిల్లు మీద అవతలివాళ్ల జీఎస్టీ నంబరు, కోడు, పరిమాణం, పన్ను విడిగా, వీటితోపాటు చెల్లించాల్సిన ఆఖరి తేదీ. "30 రోజుల్లో" అని రాస్తే ఎవరూ లెక్కపెట్టరు, "జూన్ 20లోపు" అని రాయండి. కింద బ్యాంకు వివరాలు, యూపీఐ క్యూఆర్. ఇది ఎక్సెల్లో చేసినా చాలు, ట్యాలీ తర్వాత ఆలోచించుకోవచ్చు.

దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పాలి. బిల్లు రాసిన క్షణం నుంచి పన్ను మీ నెత్తిన ఉంటుంది. 50,000 డిజైన్ పనికి 9,000 జీఎస్టీ వేశారనుకోండి, క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా మీ గడువు నాటికి ఆ 9,000 కట్టాల్సిందే. చాలామంది బిల్లు వాయిదా వేసేది ఇందుకే, మీరూ అందుకే వేశారని అనుకుంటున్నాను. కానీ బిల్లు లేకపోతే గడువు మొదలవదు, ఎంఎస్ఎంఈ చట్టం చెప్పిన రోజులు నిరూపించలేరు, అవతలివాళ్ల ఫైలు కదలదు. 9,000 ఆదా చేయబోయి 50,000 ఇరుక్కుంటుంది. అడ్వాన్స్‌లో పన్ను భాగం కూడా తీసుకుంటే ఈ బరువు తగ్గుతుంది.

గుర్తుచేయడం మీకు కష్టమన్నారు. అయితే మీరు చేయొద్దు. అకౌంట్స్ కోసం రెండో నంబరు పెట్టి, డెలివరీ చూసే అబ్బాయికి అప్పగించండి. గడువుకి మూడు రోజుల ముందు ఒక మెసేజ్, గడువు నాడు ఒకటి, వారం దాటాక ఒక ఫోను. మాట ఎప్పుడూ ఒకటే: "నమస్తే అండీ, 14వ నంబరు బిల్లు 18,500, గడువు ఈ నెల 20. ఎప్పుడు పంపుతారో చెబితే రాసుకుంటాను." అవతలివాళ్లు చెప్పిన తేదీ రాసుకుని, ఆ తేదీకే మళ్లీ అడగాలి. ముప్ఫై రోజులు దాటితే అప్పుడు మీరు మాట్లాడండి. వన్‌టౌన్ షాపులకు మాత్రం వేళ చూసుకుని పంపండి. బోణీ కాకముందు, మంగళ, శుక్రవారాల్లో డబ్బు తీసి ఇవ్వనివాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ పట్టింపును గౌరవిస్తే బుధవారం మధ్యాహ్నం మీ పని సులువవుతుంది. 5,000 లోపు పనులకు అసలు అరువే వద్దు. స్కాన్ చేస్తే ప్యాకెట్ ఇస్తాం, అంతే.

ఆసుపత్రి సంగతి త్వరగా తేల్చేయొచ్చు. వైద్యసేవలకు చాలావరకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మీ 14,400 వాళ్లకు ఎక్కడా తిరిగి రాదు, అది అచ్చంగా ఖర్చే. రేటు చెప్పినప్పుడు "జీఎస్టీ అదనం" అన్న రెండు మాటలు మీ నోట రాలేదు. 80,000కే ఒప్పుకుంటే అందులోనే పన్ను సుమారు 12,200 పోయి మీకు 67,800 మిగులుతుంది, తగ్గించిన మేరకు క్రెడిట్ నోట్, అంటే బిల్లు మొత్తం తగ్గించినట్టు రాసిచ్చే కాగితం, ఇవ్వాలి. ఒప్పుకోకపోతే మొత్తం అడగొచ్చు, కానీ చూపడానికి కాగితం లేదు. ఈ వారంలోనే బ్యాంకులో వేస్తామంటే తీసుకోండి అంటాను నేను. సగం సగం భరిద్దామని ఒక్క మాట అడిగి చూడటంలో తప్పులేదు.

చినమావయ్యగారి విషయం మీరు అన్నిటికంటే ఎక్కువ పేజీలు రాశారు, 72,000 మీకు రావలసిన మొత్తంలో ఎనిమిదో వంతు కూడా కాకపోయినా. అది అర్థం చేసుకోగలను. అక్కడ పోయేది డబ్బొక్కటే కాదు, సంక్రాంతికి ఆ ఇంటికి వెళ్లి ఎలా కూర్చోవాలన్న దిగులు కూడా ఉంది. ఎక్కడైనా బావా అనొచ్చు గానీ వంగతోట కాడ అనకూడదని పెద్దలు ఊరికే అనలేదు. మీవారి చేత అడిగించడం ఒక దారి. ఆయన అడిగితే అది బాబాయి, అబ్బాయి మధ్య మాట అయిపోతుంది, మీ షాపు మాయమవుతుంది, రేపు ఇంకో పని వచ్చినప్పుడు మళ్లీ ఇదే కథ. మొత్తం వదిలేయడం ఇంకో దారి. చేయొచ్చు, కానీ మనసులో వదలకుండా పుస్తకంలో మాత్రం వదిలితే ప్రతి పండక్కీ నొప్పిగా ఉంటుంది. నాకు నచ్చే దారి ఇది. పూర్తి రేటుతో బిల్లు రాయండి. కింద ఒక వరుసలో "కుటుంబ తగ్గింపు" అని మీకు ఇష్టమైనంత తీసేయండి, పది వేలో పదిహేను వేలో. ఇంటికి వెళ్లి పిన్నత్తగారి ముందు చేతికివ్వండి. "చినమావయ్యగారూ, నా వంతు తగ్గించాను. మిగతాది పేపరుకీ ప్రెస్సుకీ నేను బయట కట్టింది, ఆ డబ్బు నాది కాదు. రెండుసార్లుగా ఇచ్చినా పర్లేదు." మీరు ఎంత వదులుకున్నారో ఆయన కళ్లతో చూడాలి. చూసీ నవ్వేస్తే, ఇకముందు ఆ హాలు పని అడ్వాన్స్ లేకుండా చేయనక్కర్లేదు, చుట్టరికం మాత్రం ఎప్పటిలాగే ఉంచుకోవచ్చు.

ఈ పద్ధతి పెడితే అందరూ ఉంటారా అని అడిగారు. ఉండరు. అరువు కోసమే మీ దగ్గరికి వచ్చినవాళ్లు కొందరు పక్క వీధికి వెళ్లిపోతారు, మొదటి రెండు నెలలు గల్లాపెట్టె చూస్తే దిగులేస్తుంది. మంచి డిజైన్ కోసం వచ్చేవాళ్లు ఒకరోజు గొణిగి అడ్వాన్స్ పంపుతారు.

షాపు మూయాలా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పలేను, మీవారూ చెప్పకూడదు. క్లయింటు పేజీలు పూర్తయ్యాక ఇంకో కాగితం తీసుకుని, పోయిన సంవత్సరం పూర్తయిన ప్రతి పనికి వచ్చిన ధర, అయిన ఖర్చు, మీరూ కుర్రాళ్లూ పెట్టిన రోజులు రాయండి. డబ్బంతా చేతికి వచ్చినా నెలకు మీకు జీతమంత కూడా మిగలడం లేదని తేలితే అది రేట్ల సమస్య. అప్పుడు రేట్లు పెంచి ఒక సీజన్ చూడొచ్చు, లేదా ప్రింటింగ్ వదిలి డిజైన్ ఒక్కటే ఇంటి నుంచి చేయొచ్చు, లేదా మీవారన్నట్టు ఉద్యోగం చూసుకోవచ్చు. మిగులు బాగానే ఉండి డబ్బు మాత్రం బయట తిరుగుతోందని తేలితే పైన రాసినదంతా మీకు పనికొస్తుంది. ఆ కాగితం మీవారిని పక్కన కూర్చోబెట్టుకునే రాయండి. ఆయన మిమ్మల్ని ఉద్యోగం చూసుకోమన్నది గాజులు బ్యాంకుకి వెళ్లిన వారంలో అని మీరే రాశారు. ఆయనకు ఇంతవరకూ కనపడింది ఆ గాజులు మాత్రమే.

రెండు ఆదివారాలయ్యాక వచ్చిన అంకెలు నాకు రాయండి. కోచింగ్ సెంటర్ అకౌంటెంటు ఏ తేదీ చెప్పారో, గాజుల లోను గడువు ఎప్పుడో కూడా అందులో రాయండి. రావలసిన వాయిదాల్లో ఏది దానికి పక్కన పెట్టాలో అప్పుడు లెక్క వేద్దాం.